పిల్లాణ్ణి మరీ శుభ్రంగా పెంచడం వల్లే ఆయాసం వచ్చిందంటున్నారు, నిజమేనా?

గోదారమ్మాయి:

అందరికీ నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా అత్తగారిది పి.గన్నవరం దగ్గర లంక ఊరు, మేం పెళ్ళయిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాం, ఇప్పుడు నాకు ఏడో నెల, ఆయనకి ఎలాగూ ఇంటి నుంచే పని కాబట్టి పురుడయ్యేదాకా ఇక్కడే ఉందామని వచ్చేశాం.

మా పెద్దోడికి నాలుగేళ్ళు. ఏడాది నిండకముందు నుంచే జలుబు చేస్తే చాలు పిల్లికూతలు మొదలు, అర్ధరాత్రి డొక్కలు ఎగరేస్తుంటే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తడం, నెబులైజర్ పెట్టించుకుని తెల్లారేసరికి ఇంటికి రావడం. దానికి తోడు మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనకాల దురద, గోకి గోకి పుండ్లు పడేవి. ఈమధ్యే డాక్టర్ గారు ఆస్తమానే అని తేల్చి రోజూ వాడే ఇన్‌హేలర్ రాశారు, స్పేసర్‌తో, అదే ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టంతో, ఇస్తున్నాం. అది అలవాటైపోతుందని మా మావగారి భయం, అది వేరే గొడవ.

అసలు విషయం ఏంటంటే, వచ్చిన దగ్గర్నుంచి మా అత్తగారిది ఒకటే మాట. "నలుగుర్ని కన్నాను, అందరూ పాకలో దూడల మధ్యే పెరిగారు, పేడ ముట్టుకున్నారు, మట్టి తిన్నారు, ఒక్కడికీ ఆయాసం లేదు, నువ్వు సీసాలు మరగబెట్టి, చేతులకి ఆ మందు రాసి రాసి వాణ్ణి ఇలా చేశావు" అని. కోపం వచ్చింది గానీ రాత్రి ఫోన్‌లో వెతికితే నిజంగానే పశువుల పాకల దగ్గర పెరిగిన పిల్లలకి ఆస్తమా తక్కువని కనిపించింది. వాడు పుట్టింది ఆపరేషన్‌తో, పాలు చాలక డబ్బా పాలు పట్టాం, మొదటి ఏడాదిలో యాంటీబయోటిక్ సిరప్‌లు చాలానే తాగాడు, ఎక్కడ చూసినా ఇవన్నీ కారణాలే అని రాసుంది. ఇప్పుడు వాణ్ణి ఇక్కడే ఉంచేసి రోజూ పాకలో తిప్పితే తగ్గుతుందా? పుట్టబోయే బిడ్డకైనా ఏం చేస్తే మంచిది? తెలిసినవాళ్ళు చెప్పండి, మా అత్తగారికి కూడా చదివి వినిపిస్తాను.

కాకినాడ_పీజీ:

మేడమ్, పిల్లల వార్డులో పీజీ చేస్తున్నాను, డ్యూటీ మధ్యలో ముక్కలుముక్కలుగా టైప్ చేస్తున్నా, అతుకులు కనపడితే సర్దుకోండి.

మీ అత్తగారు చెప్పింది సగం నిజం, ఆ సగం మీద ముప్పై ఏళ్ళకి పైగా పరిశోధన నడిచింది. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అని లండన్‌లో ఒకాయన, 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పదిహేడు వేల మందికి పైగా బ్రిటిష్ పిల్లల లెక్కలు తీస్తే, ఇంట్లో అన్నలు అక్కలు ఎక్కువున్నోళ్ళకి హే ఫీవర్, అదే తుమ్ములు ముక్కు కారడం ఎలర్జీ, తక్కువని తేలింది. పెద్దపిల్లలు బయట్నుంచి తెచ్చి అంటించే ఇన్ఫెక్షన్లే చిన్నోళ్ళని కాపాడుతున్నాయేమో అని ఆయన అనుమానం, హైజీన్ హైపోథెసిస్ అనేది అక్కణ్ణుంచే పాకింది. తర్వాత బెర్లిన్ గోడ పడ్డాక ఎరికా ఫాన్ మ్యూటియస్ అనే మ్యూనిక్ పిల్లల డాక్టరు, తూర్పు జర్మనీలో అంత బొగ్గు పొగ ఉంది కదా ఆస్తమా అక్కడే ఎక్కువుంటుందనుకుని చూస్తే, దగ్గు బ్రాంకైటిస్ అయితే అక్కడే ఎక్కువ, ఆస్తమా ఎలర్జీలు మాత్రం గాలి శుభ్రంగా ఉన్న పశ్చిమ జర్మనీలో ఎక్కువ. అందరికీ బుర్ర తిరిగింది.

కానీ మీకు పనికొచ్చేది 2016లో వచ్చిన అమిష్, హటరైట్ల స్టడీ. రెండూ అమెరికాలో వ్యవసాయం చేసుకునే మతశాఖలే, మూలాలు యూరప్‌లో ఆల్ప్స్ వైపు, రక్తం దాదాపు ఒకటే, తిండి ఇంచుమించు ఒకటే, పిల్లలు ఎక్కువ, తల్లిపాలు చాలాకాలం ఇస్తారు, రెండు చోట్లా పశువులున్నాయి. అయినా అమిష్ పిల్లల్లో ఆస్తమా సుమారు 5 శాతం, హటరైట్లలో 21 శాతం. తేడా ఎక్కడంటే అమిష్ వాళ్ళు పాత పద్ధతిలో గుర్రాలతో దున్నుతారు, పాడి ఇంటి పక్కనే, పిల్లలు చిన్నప్పట్నుంచి పాకలోకి వస్తూ పోతూ ఉంటారు. హటరైట్లవి పెద్ద యంత్రాల ఉమ్మడి ఫారాలు, ఇళ్ళకి దూరం. ఇళ్ళలో దుమ్ము ఊడ్చి టెస్ట్ చేస్తే ఎండోటాక్సిన్, అంటే కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఉండే పదార్థం, అమిష్ ఇళ్ళలో దాదాపు ఏడు రెట్లు ఉంది. ఆ దుమ్ముని ఎలకల ముక్కులో వేస్తే వాటికి ఆస్తమా లాంటిది రాకుండా ఆగింది, హటరైట్ ఇళ్ళ దుమ్ముతో ఆగలేదు. అంటే పల్లెటూరు అయినంత మాత్రాన, పశువులు ఎక్కడో ఉన్నంత మాత్రాన కాదు. పసితనం నుంచి రోజూ కొంచెం కొంచెంగా ఆ పాక సూక్ష్మజీవులు తగులుతుంటే శ్వాసనాళాల లోపలి పొర, అక్కడి రక్షణ కణాలు ప్రతి చిన్నదానికీ రెచ్చిపోకుండా ఉంటాయి.

ఇక ఎప్పుడు తగిలాయి అన్నది అసలు పాయింటు. 2001లో ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్ పల్లెల్లో చూస్తే ఏడాది లోపే పాకకి, ఫారం పాలకి అలవాటైన పిల్లల్లో ఆస్తమా 1 శాతం, ఏడాదికీ అయిదేళ్ళకీ మధ్య అలవాటైన వాళ్ళలో 11 శాతం. తల్లి కడుపుతో ఉన్నప్పుడు పాకలో పనిచేసినా బిడ్డకి కొంత రక్షణ ఉంటుందని తర్వాతి స్టడీల్లో కనపడింది. నారుమడిలో వెయ్యాల్సిన ఎరువు కోతలప్పుడు చల్లితే ఏం లాభం? మీ పెద్దోడికి నాలుగేళ్ళు, ఎలర్జీ వైపు ఇప్పటికే తిరిగిపోయాడు. వాణ్ణి వైద్యం అనుకుని పాకలో తిప్పకండి, గడ్డి దుమ్ము, బూజు తగిలి ఎటాక్ వచ్చే ఛాన్సే ఎక్కువ. దూడతో ఆడుకుంటానంటే ఆడుకోనివ్వండి, ఆయాసం వస్తే వెనక్కి తెచ్చేయండి. ఇన్‌హేలర్ మాత్రం మానొద్దు.

ఇంకోటి, మీ అత్తగారు చెప్పేదాంట్లో రెండో సగం తప్పు. చేతులు కడుక్కోవడం వల్ల, సీసాలు మరగబెట్టడం వల్ల ఆస్తమా రాదు. పిల్లలకి విరోచనాలు తెచ్చే క్రిములు వేరు, పాకలో మట్టిలో ఉండి మనల్ని ఏమీ చెయ్యని క్రిములు వేరు. ఇన్ఫెక్షన్లు రావడమే మంచిదన్న పాత లెక్కని గ్రాహమ్ రూక్ లాంటి వాళ్ళు ఎప్పుడో పక్కకి నెట్టేశారు, మనిషితో వేల ఏళ్ళుగా కలిసి బతికిన నేస్తాల్లాంటి సూక్ష్మజీవులు దూరమవడం సమస్య అంటారు ఆయన. దొడ్డికెళ్ళొచ్చి చేతులు కడగని పిల్లాడికి ఆస్తమా తగ్గదు, టైఫాయిడ్ వస్తుంది.

పాడిరైతు_రాజోలు:

ఆయ్, నేనూ ఒక మాట చెప్తానండి. మాకు గేదెలున్నాయి, ఆవుంది, పాక ఇంటికి ఆనుకునే ఉంటుంది. మా అన్నయ్యగారి కుర్రోడు ఆ పాకలోనే పెరిగినట్టు లెక్క, అయినా ఆయాసం వచ్చింది. ఎంచేతంటే సందేళ దోమలకని పాకలో పచ్చి వేపాకు, కొబ్బరి డొక్కలు కలిపి పొగ వేస్తామండి, కుర్రోడి మంచం సరిగ్గా ఆ పాక వైపు కిటికీ కింద. దానికి తోడు మా నాన్నగారి చుట్ట. పొగ వేసే చోటు దొడ్డి చివరకి మార్చి, నాన్నగారిని అరుగు మీదకి పంపించాక రాత్రి దగ్గు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు గానీ.

ఇంకో సంగతండి. గడ్డిమేటు అడుగున వానకి తడిసి ఉక్కబోసిన గడ్డి ఉంటుంది చూశారా, నల్లగా అట్టకట్టేసి, దాన్ని లాగి దులిపితే తెల్లగా పొడి లేస్తుంది, వాసన ముక్కుకి పట్టేస్తుంది. అది మా పెద్దోళ్ళకే ఊపిరాడనివ్వదండి, ఆ రోజు సాయంత్రం ఒళ్ళు నెప్పులు, జ్వరంలాగా కూడా ఉంటుంది. అలాంటి చోటకి ఆయాసం కుర్రోణ్ణి తీసుకెళ్ళమంటే ఎలాగండి.

అయినా ఇప్పుడు మా ఊళ్ళో పాకలెక్కడున్నాయండీ బాబూ. చేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి, గడ్డి లేదు, గడ్డి లేక గేదెల్ని అమ్మేసుకున్నారు, డాబాలు, టైల్స్, ప్యాకెట్ పాలు, పిల్లల చేతిలో ఫోను. పేరుకి పల్లెటూరు, లోపలంతా హైదరాబాదే. మీ అత్తగారి టైములో ఊరు వేరు, ఇప్పుడు ఊరు వేరు.

కాకినాడ_పీజీ:

@పాడిరైతు_రాజోలు గారు, మీరు చెప్పిన తెల్లపొడి ఫంగస్ లాంటి సూక్ష్మజీవులదే అండి. తడిసిన గడ్డి లోపల వేడెక్కి బూజుపట్టాక దాన్ని మళ్ళీ మళ్ళీ పీలిస్తే వచ్చే జబ్బుకి ఫార్మర్స్ లంగ్ అని పేరే ఉంది, సాయంత్రానికి జ్వరం, నెప్పులు రావడం దాని లక్షణమే. గుడ్డ కట్టుకుంటే సరిపోదు, మంచి మాస్క్ పెట్టుకోండి, ఒకసారి ఛాతీ డాక్టరుకి కూడా చూపించుకోండి. పాక మంచిదన్న పాట అందరూ పాడతారు గానీ అదే పాకలో ఇదీ ఉంటుందని ఎవరూ చెప్పరు.

ఊకదంపుడు:

రైస్ మిల్లులో గుమస్తాని, దుమ్ము గురించి మాట్లాడే హక్కు నాకే ఎక్కువ 😀 మట్టి, దుమ్ము తగిలితే ఆయాసం రాదంటే మా మిల్లు హమాలీల పిల్లలందరూ ఒలింపిక్స్‌కి పోవాలి. ఊక కాల్చిన బూడిద డాబాల మీద నల్లగా పడుతుంది, ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాలి, చుట్టుపక్కల ఇళ్ళలో సగం మంది దగ్గుతూనే ఉంటారు. అందరూ పేడ గొప్పదనం చెప్తారు, పొగ గురించి ఎవరూ మాట్లాడరేంటి? ఇంట్లో దోమల చక్రం వెలిగించి తలుపులు మూసుకుని పడుకుంటారు, పక్కన ఆయాసం ఉన్న పిల్లాడు. ముందు అది ఆపండి.

కాకినాడ_పీజీ:

@ఊకదంపుడు వందకి వంద కరెక్ట్. చైనా, మలేషియాల్లో అమ్మే దోమల చక్రాల మీద 2003లో వచ్చిన స్టడీలో ఒక చక్రం మొత్తం కాలితే వచ్చే సన్నటి పొగకణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని తేలింది. మన డెల్టాలో దోమల్ని తప్పించుకోలేం, అందుకే దోమతెరే బెస్ట్, కిటికీలకి మెష్. కట్టెల పొయ్యి, అగరబత్తి, చుట్ట, బీడీ అన్నీ ఇదే కోవ.

ఇంకా ఇక్కడ అందరూ మర్చిపోయేది తేమ. మన గోదావరి జిల్లాల్లో గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, డస్ట్ మైట్స్ అని పరుపుల్లో దిండ్లలో ఉండే కంటికి కనపడని పురుగులకి అదే కావాలి. పాత బూరుగు దూది పరుపులు, బొంతలు, అటక మీద నుంచి దించిన దిండ్లు, వాటి మీద పిల్లాడు గెంతుతుంటే చూడ్డానికి బానే ఉంటుంది గానీ ఆ రాత్రే మొదలు. లంకల్లో 2022 జూలై వరదకి నీళ్ళు చేరిన ఇళ్ళున్నాయి కదా, గోడల అడుగున పెచ్చులూడి నల్లగా బూజు వస్తూనే ఉంటుంది, అలాంటి గదిలో పడుకోబెట్టొద్దు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి.

సరదాబాబాయ్:

ఇన్ని తంటాలెందుకమ్మా, మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో చేప మందు వేయించండి, మా బావమరిదికి తగ్గింది. ఇంగ్లీషు మందులు పంపు కొట్టడం మొదలెడితే జీవితాంతం కొట్టాల్సిందే.

భీమవరం_బుజ్జమ్మ:

@సరదాబాబాయ్ గారూ, బావమరిదిగారికి తగ్గిందంటే సంతోషమే గానీ నాలుగేళ్ళ ఆయాసం పిల్లాడి గొంతులో బతికున్న కొర్రమీను పిల్లని వెయ్యమంటారా? దాంతో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువైంది లేదు. నమ్మకంతో పెద్దోళ్ళు వేసుకుంటే వాళ్ళిష్టం, పసోడి ఇన్‌హేలర్ మాన్పించి మాత్రం కాదు.

గోదారమ్మాయి చెల్లీ, మా అబ్బాయిది అచ్చం మీ కథే కాబట్టి రాస్తున్నా. వాడికి మూడేళ్ళప్పుడు దగ్గు తగ్గట్లేదని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే వెళ్ళినప్పుడల్లా యాంటీబయోటిక్, ఇంకోచోట ప్రైమరీ కాంప్లెక్స్, అదే చిన్నపిల్లల టీబీ, అన్నారు, రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ అనే ఒకరకం తెల్ల రక్తకణాలు ఎక్కువున్నాయని ఇంకొకరు ఇంకేదో కోర్సు రాశారు. ఆఖరికి ఒక పిల్లల డాక్టర్ గారు కూచోబెట్టి అన్నీ అడిగి, ఇది ఆస్తమా అమ్మా అని ఇన్‌హేలర్ ఇచ్చారు, ఆ చలికాలం మేం ఆస్పత్రి మెట్లెక్కలేదు. ఇప్పుడు వాడు తొమ్మిదో క్లాసు, కబడ్డీ ఆడతాడు, వర్షాకాలంలో మాత్రం మందు వాడతాడు.

యాంటీబయోటిక్స్ గురించి నాకు డాక్టర్ గారు ఒక మంచి మాట చెప్పారు. పిల్లలకి జలుబుతో వచ్చే పిల్లికూతలు చాలావరకు వైరస్ వల్లే, దానికి యాంటీబయోటిక్ పనిచెయ్యదు, పైగా పొట్టలో ఉన్న మంచి బ్యాక్టీరియా పోతుంది అని. పీజీ బాబూ ఇది నిజమేనా, అంటే మనం మందులు తాగించబట్టే ఆస్తమా వచ్చిందా, ఆస్తమా ఉండబట్టే అన్ని మందులు తాగించామా? నాకెప్పుడూ ఈ డౌటే.

కాకినాడ_పీజీ:

@భీమవరం_బుజ్జమ్మ అక్కా, మీ డౌటు మీద పెద్ద పెద్దోళ్ళు కొట్టుకుంటున్నారు 🙂 రెండూ ఉన్నాయి. ఆస్తమా రాబోయే పిల్లాడికి చిన్నప్పట్నుంచే దగ్గు, పిల్లికూతలు ఉంటాయి, అందుకే వాడికి యాంటీబయోటిక్స్ ఎక్కువ పడతాయి, తర్వాత లెక్క చూస్తే మందు వల్లే జబ్బు వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ మొత్తం అదే కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2000 నుంచి 2014 మధ్య ఏడాది లోపు పిల్లలకి యాంటీబయోటిక్స్ రాయడం సగానికి పైగా తగ్గింది, అదే కాలంలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో కొత్త ఆస్తమా కేసులు 26 శాతం తగ్గాయి. పిల్లల మలం పరీక్షల్లో కూడా పొట్టలో బ్యాక్టీరియా రకాలు తగ్గడం ఈ రెంటికీ మధ్య లింకుగా కనపడింది. అదే దేశంలో 2015లో ఇంకోటి, పుట్టిన మొదటి వంద రోజుల్లో పొట్టలో ఫీకలిబ్యాక్టీరియం, లాక్నోస్పైరా, వీలొనెల్లా, రోథియా అనే నాలుగు రకాలు తక్కువగా ఉన్న పిల్లలకే ఆస్తమా రిస్క్ ఎక్కువని తేలింది. ఏడాది వయసుకి వచ్చేసరికి ఆ తేడా దాదాపు కనపడలేదు, అంటే ఆ బ్యాక్టీరియా పనిచేసే అదను చాలా తొందరగా దాటిపోతుంది.

అయితే న్యుమోనియాకో, ఉమ్మనీరు పోయి బిడ్డకి ఇన్ఫెక్షన్ వస్తేనో యాంటీబయోటిక్ ప్రాణం కాపాడుతుంది, అప్పుడు బ్యాక్టీరియా పోతుందని భయపడి ఆపితే బిడ్డే దక్కదు. నేను వద్దనేది జలుబుకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సీసాల గురించి.

ప్రైమరీ కాంప్లెక్స్, ఈసినోఫిల్స్ గురించి ఒక్క ముక్క. మనది ఫైలేరియా ఏరియా, బోదకాలు ప్రతి ఊళ్ళో చూసిందే, ఆ పురుగు వల్ల కూడా రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఈసినోఫిల్స్ విపరీతంగా పెరగడం ఉంటాయి, దానికి మందు వేరు. టీబీ కూడా మన దగ్గర ఉన్నదే. కాబట్టి డాక్టరు పరీక్షలు రాస్తే వ్యాపారం అనుకోకండి, అలాగని ఈసినోఫిల్స్ కొంచెం పెరిగినంత మాత్రాన ఫైలేరియా కూడా కాదు.

@గోదారమ్మాయి గారు, మూడేళ్ళలోపు పిల్లికూతలు వచ్చిన పిల్లల్ని అమెరికాలో టూసాన్ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఫాలో అయితే సుమారు 60 శాతం మందికి ఆరేళ్ళకి అవి పోయాయి. మీవాడికి ఎగ్జిమా, అదే మడతల్లో ఆ దురద, కూడా ఉంది కాబట్టి కొంచెం ఎక్కువకాలం ఉండొచ్చు, అందుకే కంట్రోల్‌లో పెట్టడం ముఖ్యం. మీ మావగారికి చెప్పండి, ఇన్‌హేలర్ అలవాటయ్యే మందు కాదు, మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, సిరప్‌తో పోలిస్తే డోసు చాలా తక్కువ. ఏళ్ళ తరబడి రోజూ వాడినవాళ్ళకి ఎత్తు పెద్దయ్యాక సగటున ఒక సెంటీమీటరు పైచిలుకు తగ్గింది, అది నిజం, దాచను. రాత్రిళ్ళు ఊపిరాడక ఎగరొప్పే పిల్లాడికి అది పెద్ద నష్టమా అని అడగండి ఆయన్ని.

గోదారమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్ అండి. అత్తయ్యగారికి చదివి వినిపించాను, అమిష్ వాళ్ళ సంగతి దాకా "చూశావా నేను చెప్పలా" అని కూచున్నారు, గడ్డి బూజు దగ్గరకి వచ్చేసరికి లేచి పాలు తియ్యడానికి వెళ్ళిపోయారు 😂 బూరుగు దూది పరుపు మాత్రం తీయించేశారు.

ఇప్పుడు రెండో బిడ్డ సంగతి చెప్పండి. నార్మల్ అయితే మంచిదని చదివాను, మళ్ళీ ఆపరేషనే అంటారేమో. నేను ఇప్పుడు పాకలోకి వెళ్ళొచ్చా? మా ఆవు ఈనడానికి ఉంది, అత్తయ్య నన్ను సాయం రమ్మంటున్నారు. పచ్చిపాలు తాగితే మంచిదని కూడా ఒకచోట ఉంది. పుట్టాక స్నానం చేయించి సాంబ్రాణి పొగ వెయ్యడం, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు, ఇవి ఇక్కడ తప్పవు, ఏం చెప్పాలి? మంచి బ్యాక్టీరియా ఉంటుందనే ప్రోబయోటిక్ చుక్కలు కొనాలా?

కాకినాడ_పీజీ:

ఒక్కొక్కటీ చెప్తాను. ఆపరేషన్‌తో పుట్టిన పిల్లలకి మొదటి రోజుల్లో పొట్టలో చేరే బ్యాక్టీరియా వేరుగా ఉంటుంది, ఆస్తమా రిస్క్ కొంచెం ఎక్కువ అని లెక్కలున్నాయి, అది కొంచెమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో 42 శాతం, తెలంగాణలో 60 శాతం పైన కాన్పులు ఆపరేషన్‌వే, వాళ్ళందరికీ ఆస్తమా వచ్చేస్తుందా? మొదటిది ఆపరేషన్ అయినా రెండోది నార్మల్ కుదురుతుందేమో మీ డాక్టరమ్మగారిని ఇప్పుడే అడగండి, పాత కోత ఎలా ఉందో చూసి చెప్తారు. ఆవిడ ఆపరేషన్ అంటే ఆపరేషనే, బ్యాక్టీరియా కోసం మీ గర్భసంచిని పణంగా పెట్టక్కర్లేదు. యోని ద్రవాలు గుడ్డతో బిడ్డకి రాయడం లాంటివి నెట్‌లో కనిపిస్తాయి, ఇంట్లో అస్సలు చెయ్యకండి.

పాకలోకి వెళ్ళండి, ఆవుకి మేత వెయ్యండి, ఏం కాదు. ఈనే టైములో మాత్రం దూరంగా ఉండండి, దూడని లాగడం, మాయ ముట్టుకోవడం అస్సలు వద్దు. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఆ ద్రవాల్లోనే ఎక్కువుంటుంది, కడుపుతో ఉన్నవాళ్ళకి గర్భం పోయే ప్రమాదం. పచ్చిపాలదీ ఇదే గొడవ, బ్రూసెల్లా, పశువుల టీబీ పచ్చిపాలతో వస్తాయి. యూరప్ స్టడీల్లో ఫారం పాలు తాగిన పిల్లలకి ఎలర్జీ తక్కువన్నది నిజమే గానీ తాగమని ఏ డాక్టరూ చెప్పడు. మరగబెట్టే తాగండి, మీ అత్తగారు కూడా అలాగే కాస్తారు కదా.

తల్లిపాలు, వీలైనంత వరకు ఆరు నెలలు అవే. చాలకపోతే డబ్బా పాలు పట్టినందుకు ఎవరి మాటా పడకండి. ప్రోబయోటిక్ చుక్కలతో ఆస్తమా ఆగుతుందని తేలలేదు, డబ్బులు దండగ. సాంబ్రాణి పొగ గురించి మాత్రం గట్టిగా పట్టుబట్టండి, వారం పసికందు ముఖం దగ్గర నిప్పుల కుంపటి పెట్టి పొగ పట్టడం కంటే అన్యాయం లేదు, ముఖ్యంగా అన్నకి ఆస్తమా ఉన్న ఇంట్లో. జుట్టు ఆరడానికే కదా అంటారు, మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆరుతుంది. ముక్కులో నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది, వార్డులో చూస్తుంటాం. ఒంటికి నూనె రాసి నలుగు పెట్టుకోండి, దానికి నాకేం అభ్యంతరం లేదు.

తిండి విషయంలో పాత సలహా తిరగబడింది. గుడ్డు, వేరుశనగ లాంటివి ఎలర్జీ చేస్తాయని లేటుగా పెట్టమనేవారు, 2015లో లండన్‌లో ఎగ్జిమా ఎక్కువగా ఉన్న లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లల్లో సగం మందికి ఏడాది లోపే వేరుశనగ మొదలుపెట్టించి, సగం మందికి అయిదేళ్ళ దాకా ఆపి చూస్తే, తిన్నోళ్ళలో ఆ ఎలర్జీ 80 శాతం తక్కువ. చర్మం మీద పగుళ్ళలోంచి ఆహారం కణాలు ముందు వెళ్తే ఎలర్జీ వైపు, నోట్లోంచి ముందు వెళ్తే అలవాటు వైపు తిరుగుతుందని ఒక వాదన. కాబట్టి ఆరు నెలలు నిండాక ఉడికిన గుడ్డు, మెత్తగా నూరిన వేరుశనగ ముద్ద జావలో కలిపి, ముల్లు తీసిన చేప, ఒక్కోటీ కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి. గుళ్ళు మాత్రం ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. రెండోవాడికి కూడా ఒళ్ళంతా ఎగ్జిమా కనిపిస్తే మొదలుపెట్టేముందు డాక్టరుకి చూపించండి.

పాడిరైతు_రాజోలు:

బాబూ, కుక్కపిల్ల ఉంటే మంచిదంటారు, నిజమాండి? మా ఇంట్లో పిల్లలు ఒకటే గొడవ.

కాకినాడ_పీజీ:

స్వీడన్‌లో 2015 స్టడీలో మొదటి ఏడాది ఇంట్లో కుక్క ఉన్న పిల్లలకి బడి వయసులో ఆస్తమా 13 శాతం తక్కువ, ఫారం పశువుల మధ్య పెరిగితే సగం తక్కువ. మీకు గేదెలున్నాయి కదండీ, కుక్క సరదాకి పెంచుకోండి, రేబిస్ టీకా వేయించి. ఆయాసం ఉన్న అన్నయ్యగారి అబ్బాయికి కుక్క వెంట్రుకలు పడతాయో లేదో ముందు చూసుకోండి.

భీమవరం_బుజ్జమ్మ:

చెల్లీ ఒక చిన్న విషయం, ఎవరూ చెప్పరు. స్పేసర్‌ని గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా అలాగే నీడన ఆరబెట్టు. తుడిస్తే లోపల మందు ప్లాస్టిక్ గోడలకి అంటుకుపోయి పిల్లాడి లోపలికి సగమే వెళ్తుందట. ఇన్‌హేలర్ ఇచ్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మించు, లేకపోతే నాలిక మీద తెల్లగా పూస్తుంది. ఆపైన వర్షాకాలం మొదలయ్యేలోపే ఫ్లూ టీకా గురించి కూడా అడుగు, మా వాడికి ఏటా వేయిస్తున్నాం.